రెండో అంతస్తు నౌకాదళం

జులై పద్నాలుగో తేదీ, సోమవారం ఉదయం పదీ నలభైకి చైనా నౌకాదళం మా ప్రాంతపు విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖకు, రెండో అంతస్తుకు, విధుల్లో చేరడానికి వచ్చింది. మొత్తం నలభై మూడు మంది. అందరి చేతుల్లోనూ జాయినింగ్ రిపోర్టులు ఉన్నాయి, ఒక్కొక్కటి మూడేసి ప్రతులు. శాఖలో కుర్చీలు నాలుగే కాబట్టి మిగతావాళ్ళు వరండాలో హోదాల వారీగా నిలబడ్డారు.

ఆ సమయానికి పొట్నూరు హైమవతి కింద జిరాక్స్ దుకాణంలో ఉంది. ఆమె పరిశోధక విద్యార్థిని. 'యుద్ధకాలంలో చైనా నౌకాదళం: ఓడలు, నిర్మాణం' అనే అంశం మీద ఐదేళ్ళుగా పనిచేస్తోంది. ఆ అంశం ఆమె కోరుకున్నది కాదు. రిజిస్ట్రేషన్ రోజున ఆమె ఆలస్యంగా వెళ్ళింది. భారత నౌకాదళాన్ని అప్పటికే ముగ్గురు తీసేసుకున్నారు, జపానుది ఒకరు తీసుకున్నారు, చైనాది మిగిలింది. మొదటి ఏడాది ఆ ఊర్ల పేర్లు పలకడానికే సరిపోయింది. రెండో ఏడాది నుంచి ఇష్టం కలిగింది. ఇప్పుడు మూడు అధ్యాయాలు పూర్తయ్యాయి. నవంబరు నెలాఖరులోగా సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

శాఖ అటెండరు సూరాడ అప్పన్న మెట్లు దిగి వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. ఆయనది పక్కనే ఉన్న సముద్రపు ఒడ్డు పల్లె.

"హైమమ్మా, నీ తీసిస్సులోవోళ్ళొచ్చినారు. పైన నిలబడున్నారు."

"ఎంతమంది బాబాయ్?"

"నలబై ముగ్గురు. ఒకడు రెండుసార్లొచ్చినాడు, ఆణ్ణి ఒకడిగానే లెక్కెట్టినాను."

హైమ పైకి వెళ్ళి చూసింది. అప్పన్న చెప్పింది నిజమే. ఒక మెకానికల్ ఇంజినీరు పేరును ఆమె రెండో అధ్యాయంలో లిన్ అని, మూడో అధ్యాయంలో లింగ్ అని రాసింది. ఆయన ఇద్దరుగా వచ్చాడు. ఇద్దరికీ కలిపి ఒకటే జత బూట్లు ఉండడంతో పూటకొకరు వేసుకుంటున్నారు. వంటవాళ్ళ గురించి ఆమె ఎక్కడా రాయలేదు కాబట్టి వంటవాడు రాలేదు. ఓడలు కూడా రాలేదు. 1937 ఆగస్టులో శత్రువైన జపాను యాంగ్‌ట్సీ నదిలోకి రాకుండా జియాంగ్యిన్ దగ్గర వాళ్ళు తమ పాత యుద్ధనౌకలనూ, కొన్ని వర్తక నౌకలనూ తామే నదికి అడ్డంగా ముంచేశారు. మిగిలిన పెద్ద ఓడలను ఆ మరుసటి నెల విమానాలు ముంచాయి. హైమ మూడో అధ్యాయం అక్కడితో ముగిసింది. అందువల్ల నౌకాదళం ఓడలు లేకుండా, నిర్మాణం మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది. కమాండర్లు, డిప్యూటీలు, పరిపాలనా విభాగం, శిక్షణా విభాగం, ఇన్‌వార్డు గుమాస్తా, అందరూ ఉన్నారు.

వరుసలో మొదట నిలబడ్డ సన్నటి మనిషి సెల్యూట్ చేశాడు. నూట నలభై ఏడో పేజీలో ఒక్కసారి కనిపించే కెప్టెన్ షెన్ ఆయన.

"మేము ఇక్కడికి చేరుకోవడం జరిగింది," అన్నాడు. "ఇది ఎంతైనా గమనార్హం."

ఆయన తెలుగంతా హైమ థీసిస్‌లోదే. అందులో లేని మాట ఆయనకూ, ఆయన మనుషులకూ రాదు. అప్పన్న మంచినీళ్ళు కావాలా అని అడిగితే కెప్టెన్ కాసేపు ఆలోచించి, "జలమార్గాల ప్రాధాన్యం నానాటికీ పెరుగుతున్నట్లు తెలుస్తోంది," అన్నాడు. అప్పన్న బిందె తెచ్చి పెట్టాడు.

హైమ గైడు ఆచార్య చామర్తి సుదర్శనం పదకొండున్నరకి వచ్చారు. డిసెంబరులో ఆయన పదవీ విరమణ. వరండాలో నలభై ముగ్గురినీ దాటుకుంటూ గదిలోకి వెళ్ళి, ఫ్యాను వేసుకుని, హైమను పిలిచారు.

"ప్రాథమిక ఆధారాలు ఇంత దగ్గర్లో దొరకడం మంచిదేనమ్మా. కానీ ఫుట్‌నోటులో ఎలా ఇస్తావు? వరండా అని ఇస్తే బయటి పరీక్షకులు ఒప్పుకోరు."

"నాకూ తెలీడం లేదు సార్."

"సరే, ముందు పరిపాలనా భవనానికి రాయి. అనుమతి లేకుండా శాఖలో ఎవరూ ఉండకూడదు."

ఫైలు పరిపాలనా భవనానికి వెళ్ళింది. వీళ్ళు విద్యార్థులు కాదని అడ్మిషన్ల సెక్షన్, ఉద్యోగులు కాదని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్, పాస్‌పోర్టులు లేవు కాబట్టి విదేశీయులు కాదని విదేశీ విద్యార్థుల విభాగం రాశాయి. చివరికి పరిశోధనా విభాగం సూపరింటెండెంటు నిబంధనల పుస్తకం తిరగేసి, వీళ్ళు థీసిస్‌కి అనుబంధం కిందికి వస్తారని తేల్చాడు. అనుబంధాలు సమర్పణ దాకా శాఖలోనే ఉండవచ్చు. సమర్పించేటప్పుడు మాత్రం ప్రధాన గ్రంథంతో కలిపి బైండింగ్ చేయించి, అయిదు ప్రతులు ఇవ్వాలి. ఇంజినీరు విషయంలో ఇప్పటికే రెండు ప్రతులు సిద్ధంగా ఉన్నట్లు ఆయన నోట్ ఫైల్లో మెచ్చుకోలుగా రాశాడు.

తిండి దగ్గర ఇబ్బంది వచ్చింది. రెండో రోజు సాయంత్రానికి నావికులు గోడలకు చేరగిలబడ్డారు. కెప్టెన్ వచ్చి, "సిబ్బంది మనోధైర్యం సన్నగిల్లినట్లు ఆధారాలు లభ్యమవుతున్నాయి," అన్నాడు. అప్పన్న ఇంటికి వెళ్ళి, పెళ్ళాం చేత పెద్ద డేకిసా నిండా అన్నం, చేపల పులుసు వండించి తెచ్చాడు. ఎవరూ ముట్టుకోలేదు. అవి ఏమిటో వాళ్ళకు తెలియదు.

"నువ్వు రాయాలమ్మా," అన్నాడు అప్పన్న. "నువ్వు రాస్తే గాని ఆళ్ళు తిన్రు."

హైమ ఐదేళ్ళలో ఆధారం లేకుండా ఒక్క వాక్యం కూడా రాసిన మనిషి కాదు. ఒక గన్‌బోటు పొడవు తేల్చుకోవడానికి పదకొండు నెలలు తీసుకుంది. అయినా ఆ సాయంత్రం లాప్‌టాప్ తెరిచి, రెండో అధ్యాయం అడుగున చిన్న అక్షరాల్లో ఒక ఫుట్‌నోటు చేర్చింది: 'సిబ్బంది రెండు పూటలా అన్నం, చేపల పులుసు తినేవారు.' నావికులు లేచి వచ్చి కూర్చున్నారు. పులుసులో ముల్లు ఎలా తీయాలో రాయలేదని తర్వాత గుర్తొచ్చి అదీ చేర్చింది. మరునాడు గైడు ఆ ఫుట్‌నోటు చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీసి, పక్కన 'ఆధారం?' అని రాశారు. ఆమె అప్పన్న భార్య పేరు రాసింది.

అప్పటినుంచి ఆమెకు వాళ్ళతో మాట్లాడే అలవాటైంది. అడుగుతున్నకొద్దీ ఒక విషయం తెలిసి వచ్చింది. మూడు వందల పేజీల్లో ఏ ఓడ ఎన్ని టన్నులో ఉంది, ఏ విభాగం ఎవరి కింద పనిచేసిందో ఉంది. మనిషి ఒక్కడూ లేడు. ఒకరోజు కెప్టెన్‌ని సూటిగా అడిగింది.

"మీ ఓడని ఎవరు ముంచారు?"

"ఓడను ముంచివేయడం జరిగింది."

"అదే, ఎవరు?"

కెప్టెన్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "ముంచివేయడం జరిగింది," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళకు కూడా మాట లేదు. హైమ వెళ్ళి తన అధ్యాయాల్లో వెతికింది. తీర్మానించడం జరిగింది, తరలించడం జరిగింది, నష్టపోవడం జరిగింది. మూడు వందల పేజీల్లో చేసినవాడంటూ లేడు.

సెప్టెంబరులో రిజిస్ట్రారు దివాకరరావు గారికి ఉత్తరం వచ్చింది. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇవ్వడానికి అక్టోబరు తొమ్మిదిన ఐదుగురు సభ్యుల తనిఖీ బృందం వస్తోంది. ఆయన నెమ్మదైన మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎవరిమీదా గొంతు పెంచలేదు. మంజూరైన అధ్యాపక పోస్టులు డెబ్భై, పనిచేస్తున్నవాళ్ళు ఇరవై ఏడుగురు. తత్వశాస్త్ర శాఖకు గది ఉంది, బోర్డు ఉంది, శాఖాధిపతికి సీలు ఉంది, మనిషి మాత్రం లేడు. బృందం లోపలికి వస్తే ఇదంతా చూస్తుంది. చూస్తే రాస్తుంది. అత్యవసర సమావేశంలో ఎవరో, రెండో అంతస్తులో యుద్ధానుభవం ఉన్నవాళ్ళు ఖాళీగా ఉన్నారని గుర్తుచేశారు.

కెప్టెన్ షెన్‌ని పిలిపించారు. మూల థీసిస్ రచయిత్రిగా హైమకూ ఒక కుర్చీ వేశారు.

"బయటివాళ్ళు లోపలికి రాకుండా చూడడానికి మీరు చేసిన ఏర్పాట్లేమిటో సభకు వివరించండి," అన్నారు రిజిస్ట్రారు.

"ప్రధాన మార్గానికి అడ్డంగా స్వంత నౌకలను ముంచివేయడం జరిగింది," అన్నాడు కెప్టెన్. "పురాతనమైనవి మొదట. ఇది ఎంతైనా గమనార్హం."

ఒక డీన్, మన ప్రధాన మార్గం ఎలాగూ నీళ్ళలోనే ఉంది కదా అన్నాడు. అదీ నిజమే. విశ్వవిద్యాలయం గేటు ముందు రోడ్డు పల్లంలో ఉంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అక్కడ నడుంలోతు నీళ్ళుంటాయి. మున్సిపాలిటీ రికార్డుల్లో అది రోడ్డు. చేపల శాఖ రికార్డుల్లో చెరువు. వాళ్ళు ఏటా చేపపిల్లల్ని వదిలి వెళ్తారు. పెద్దవాళ్ళెవరైనా వస్తే ట్రాక్టరు మీద దాటిస్తారు. ట్రాక్టరు దారికి అడ్డం పడితే ఎవరూ రాలేరు.

"పురాతనమైనవంటే మనకి ఏవి?" అన్నారు రిజిస్ట్రారు.

తత్వశాస్త్రం, తెలుగు, చరిత్ర, భూగోళం అని జాబితా తయారైంది. హైమ లేచి నిలబడింది.

"సార్, అలా చేస్తే ఆగుతారని నేను రాయలేదు. నది మూశారు. విమానాలు పైనుంచి వచ్చాయి. రెండు పేజీల తర్వాత ఉంది సార్."

"తనిఖీ బృందానికి విమానాలు లేవమ్మా," అన్నారు రిజిస్ట్రారు దయగా. "రెండు కార్లు అడిగారంతే."

"అది మంచి పని అని కూడా రాయలేదు సార్. జరిగిందని రాశాను."

"మేమూ అదే రాస్తామమ్మా, జరిగిందని. పరిశోధన సమాజానికి ఉపయోగపడటం లేదని అందరూ అంటారు. మీది ఉపయోగపడింది. సంతోషించండి."

తీర్మానించడం జరిగింది.

పని అక్టోబరు ఒకటిన మొదలైంది. నావికులకు తెలిసిన పని కావడంతో చకచకా సాగింది. తత్వశాస్త్ర శాఖ బీరువాలు మొదటి వరుసలో అడ్డంగా పడుకోబెట్టారు. దాని వెనక తెలుగు శాఖ బల్లలు, నిఘంటువులు, తాళపత్రాల పెట్టె. భూగోళ శాఖ నుంచి వచ్చిన పెద్ద గ్లోబు మునగలేదు. ఎన్నిసార్లు తోసినా పసిఫిక్ మహాసముద్రం పైకి తేలుతోంది. దాన్ని పట్టుకుని కూర్చోవడానికి ఒక జూనియర్ అసిస్టెంటుకు విధులు వేశారు. ప్రతి బీరువా మునుగుతున్నప్పుడూ లిన్, లింగ్‌లలో బూట్లున్న ఆయన నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు.

ఆరో తేదీకి చరిత్ర శాఖ వంతు. ముందురోజు మధ్యాహ్నం సుదర్శనం గారు తన కుర్చీలో కూర్చుని ముప్పై ఏళ్ళ నోట్సు కట్టలు చూసుకుంటున్నారు.

"సార్, మీరు ఒక మాట చెప్తే ఆగుతారేమో," అంది హైమ.

"డిసెంబరులో వెళ్ళిపోయేవాణ్ణి. నా పెన్షన్ ఫైలు దివాకరరావు బల్ల మీదే ఉంది," అన్నారాయన. చేతిలో కట్ట బల్ల మీద పెట్టి, "కుర్చీ కూడా జాబితాలో ఉందా?" అని అడిగారు. ఉందని తెలిసి లేచి నిలబడ్డారు.

హైమ లాప్‌టాప్ పట్టుకుని వరండాలోకి వచ్చింది. మూడో అధ్యాయంలో ఓడలు ముంచిన పేరా తీసేస్తే ఈ సలహాయే పుట్టదని ఆమెకు తెలుసు. కెప్టెన్‌కి ఆ జ్ఞాపకం ఉండదు. బీరువాలు ఎక్కడివక్కడే ఉంటాయి. వేలు తీసేసే బటన్ మీద పెట్టింది కూడా. కానీ అది జరిగింది. ఒక నదిలో నిజంగా జరిగింది. జరగలేదని ఆమె రాయలేకపోయింది. పేరా అలాగే ఉంచి, దాని కింద ఒక కొత్త వాక్యం కొట్టింది: 'కెప్టెన్ షెన్ తన ఓడను తన చేత్తో ముంచాడు, ఆయనకు బాధ కలిగింది.'

కెప్టెన్ మెల్లగా ఆమె పక్కకు వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"నేనే ముంచాను," అన్నాడు. మాట కొత్తగా ఉన్నట్టు మళ్ళీ అన్నాడు. "నేనే. అడుగున నీళ్ళు లోపలికి వచ్చే కవాటాలు నేనే తిప్పాను. నాకు బాధ కలిగింది. అడ్డం పెడితే ఆగుతారన్నారు. నేను నమ్మానో లేదో నాకు తెలియదు. తిప్పాను."

అప్పన్న గ్లాసులో టీ పోసి ఆయన చేతిలో పెట్టాడు. "తాగండి బాబూ. మా ఊళ్ళో కూడా తెప్పని ఎవడూ సొంత చేత్తో ముంచుకోడు. ముంచినోడికే తెలుస్తాది."

మరునాడు చరిత్ర శాఖను ముంచారు. బల్లలు కిందికి మోసినవాళ్ళలో హైమ కూడా ఉంది. ఎవరో ఒక పక్క పట్టుకోమన్నారు, పట్టుకుంది.

తొమ్మిదో తేదీ ఉదయం తనిఖీ బృందం రెండు కార్లలో వచ్చింది. ట్రాక్టరు రెండుసార్లు ప్రయత్నించి తెలుగు నిఘంటువుల మీద ఆగిపోయింది. అధ్యక్షుడు గొడుగు వేసుకుని పదకొండు నిమిషాలు ఒడ్డున నిలబడి, గ్లోబు పట్టుకుని కూర్చున్న జూనియర్ అసిస్టెంటుకు నమస్కారం పెట్టి, హోటలుకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం రెండున్నరకి, తనిఖీ ఆన్‌లైన్‌లో జరుగుతుందని సందేశం వచ్చింది. సంస్థాగత నిర్మాణ పటాన్ని అప్‌లోడ్ చేయమన్నారు.

రిజిస్ట్రారు గారు పటం పంపారు. అందులో అన్ని శాఖలూ ఉన్నాయి, అన్ని హోదాలూ ఉన్నాయి, ఎవరు ఎవరికి జవాబుదారో గీతలు తిన్నగా ఉన్నాయి. ఖాళీ గడులు నలభై మూడు. దివాకరరావు గారు ఆ అంకెను కాసేపు చూసి, రెండో అంతస్తుకు కబురు పెట్టారు. సాయంత్రానికి గడులన్నీ నిండాయి. లిన్ భౌతికశాస్త్రంలో, లింగ్ రసాయనశాస్త్రంలో చేరారు. ఇన్‌వార్డు గుమాస్తా తత్వశాస్త్ర శాఖాధిపతి అయ్యాడు. బృందం తన నివేదికలో, ఇంత సంపూర్ణమైన నిర్మాణం తాము మరెక్కడా చూడలేదని, అధ్యాపకుల భాష ప్రత్యేకంగా శ్లాఘనీయమని రాసి, అత్యున్నత గ్రేడు ఇచ్చింది. స్వీట్లు పంచారు.

మునిగిన శాఖలను పైకి తీయాలా అని ఒక ఫైలు కదిలింది. గ్రేడు వచ్చాక యథాతథస్థితి మార్చకూడదన్న నిబంధన ఉండడంతో అది ఆగింది. ఆ శాఖల తరగతులు గేటు దగ్గర గట్టు మీద పెట్టారు. విద్యార్థుల్ని దాటించడానికి అప్పన్న తన తెప్ప తెచ్చాడు. నౌకాదళం దాన్ని తమ మొదటి ఓడగా నమోదు చేసుకుంది. కెప్టెన్ షెన్ ఏ గడిలోనూ చేరనని చెప్పి తెప్ప మీద తెడ్డు తీసుకున్నాడు. ఆయన కాదనడానికి వాడిన మాట 'నేను' ఒక్కటే. ఆయన చేరకపోయినా, లింగ్ అదనంగా ఉండడంతో అధ్యాపకుల లెక్క సరిపోయింది; ఎలాగని ఎవరూ అడగలేదు.

హైమ థీసిస్ నవంబరు ఇరవై ఎనిమిదిన సమర్పించింది. అనుబంధం ఉద్యోగాల్లో చేరిపోయింది కాబట్టి దాన్ని బైండింగ్ నుంచి మినహాయించారు. డాక్టరేటు వచ్చింది. సుదర్శనం గారి ఖాళీలో ఆమెనే చరిత్ర శాఖాధిపతిగా వేశారు. ఉత్తర్వు ఇస్తూ దివాకరరావు గారు, "మీ శాఖ మాకు చాలా అక్కరకొచ్చిందమ్మా," అన్నారు. ఆమె రెండు చోట్ల సంతకం పెట్టింది.

జనవరిలో కొత్త బ్యాచ్ వచ్చింది. ఇరవై ముగ్గురు పిల్లలు గట్టు మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. నీళ్ళు కాస్త తీసి, బీరువాల వీపులు బయటపడ్డాయి. వాటి మీద కొంగలు వాలాయి. పలాస నుంచి వచ్చిన ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మన డిపార్ట్‌మెంట్ ఏదండి మేడం?"

"అదిగో. ఎడమ పక్క మూడో బీరువా నుంచి మనది."

"ఎలాగ ములిగిపోనాదండి?"

ఇరవై ముగ్గురూ పెన్నులు తీశారు. హైమ నీళ్ళవైపు చూసింది.

"మునిగిపోలేదమ్మా. ముంచాం. నేను రాసింది చదివి, రిజిస్ట్రారు గారు ముంచమన్నారు. మా సార్ ఊరుకున్నారు. నేను బల్ల ఒక పక్క పట్టుకున్నాను."

పెన్నులు చకచకా కదిలాయి. ఆ అమ్మాయి రాయడం ఆపి తలెత్తింది.

"ఇది పరీక్షకొస్తాదాండి?"

సిలబస్ హైమకు కంఠతా వచ్చు.

"రాదు," అంది.

పిల్లలు రాసినంత మేరా కొట్టేసి, పెన్నులకు మూతలు పెట్టారు.